స్క్రీన్ మీద ఒకటి, డేటాలో ఇంకొకటి: మొబైల్ యాప్‌లో స్టేట్ ఎర్రర్లను పట్టుకుని సరిచేయడం ఎలా?

ఒక షాపింగ్ యాప్ రాస్తున్నారనుకోండి. కార్ట్‌లోంచి ఒక వస్తువు తీసేశారు. లిస్టులోంచి అది పోయింది, కానీ పైన కార్ట్ గుర్తు మీద అంకె మాత్రం 3 దగ్గరే ఆగిపోయింది. వెనక్కి వెళ్లి మళ్లీ వస్తే 2 అయింది. ఇలాంటి బగ్ ఎదురైతే చాలామంది వెంటనే ఇంకో చోట సెట్‌స్టేట్ (విలువ మారిందని చెప్పి స్క్రీన్‌ని మళ్లీ గీయించే ఫంక్షన్) పెట్టి చూస్తారు. ఒక్కోసారి పని అయిపోతుంది కూడా. కానీ వారం తిరక్కుండానే అదే బగ్ పక్క స్క్రీన్‌లో తేలుతుంది, ఎందుకంటే తప్పు ఉన్న చోట మనం చెయ్యి పెట్టలేదు.

కొత్తగా ఏ లైనూ కలపకముందే రెండు ప్రశ్నలు వేసుకోండి. ఈ విలువకు ఓనర్ ఎవరు? దీనికి కాపీలు ఇంకెక్కడెక్కడ ఉన్నాయి? కింద చెప్పేవన్నీ ఈ రెండు ప్రశ్నలకు జవాబు వెతికే దారులే.

నేను రోజూ పనిచేసేది ఫ్లట్టర్ అనే యాప్ ఫ్రేమ్‌వర్క్‌లో కాబట్టి ఉదాహరణలు ఎక్కువగా అందులోంచే వస్తాయి. రియాక్ట్ నేటివ్, జెట్‌ప్యాక్ కంపోజ్, స్విఫ్ట్‌యూఐ వాడేవాళ్లకూ జబ్బు ఇదే, పేర్లే వేరు. ఈ నాలుగింటిలోనూ స్క్రీన్‌ని మనం నేరుగా మార్చం. స్టేట్‌ను, అంటే యాప్ ఆ క్షణాన గుర్తుపెట్టుకున్న విలువలను, మారుస్తాం, దాన్ని చూసి స్క్రీన్ ఎలా ఉండాలో ఫ్రేమ్‌వర్క్ మళ్లీ తేలుస్తుంది. కాబట్టి స్క్రీన్ తప్పు చూపిస్తోందంటే సాధారణంగా మూడే అవకాశాలు. స్టేట్ అసలు మారలేదు. లేదా మారింది గానీ ఆ సంగతి ఫ్రేమ్‌వర్క్‌కు తెలియలేదు. లేదా తెలిసింది, స్క్రీన్ మళ్లీ గీశారు కూడా, కానీ ఆ స్క్రీన్ చూస్తున్నది వేరే కాపీని.

మొదటి పని: బగ్‌ని పిలిస్తే వచ్చేలా చేసుకోండి

"అప్పుడప్పుడూ వస్తోంది" అనే బగ్‌ని సరిచేయలేం. సరిచేశామని నమ్మనూ లేం. స్టేట్ బగ్‌లలో చాలా భాగం టైమింగ్ వల్ల వచ్చేవే. ఆఫీసులో వైఫై మీద సర్వర్ జవాబు కన్ను మూసి తెరిచేలోగా వస్తుంది కాబట్టి మనకు కనిపించవు. అందుకని ఆలస్యాన్ని మనమే తెచ్చిపెట్టాలి. సర్వర్‌ని పిలిచే ఫంక్షన్‌లో తాత్కాలికంగా ఫ్యూచర్ డిలేడ్‌తో 3 సెకన్లు ఆపండి. ఆ 3 సెకన్లలో యూజర్ ఏమేం చేయగలడో అన్నీ చేసి చూడండి: బ్యాక్ నొక్కండి, అదే బటన్ రెండుసార్లు నొక్కండి, వేరే ట్యాబ్‌కి వెళ్లి రండి, యాప్‌ని వెనక్కి నెట్టి మళ్లీ తెరవండి. ఆండ్రాయిడ్‌లో డెవలపర్ ఆప్షన్స్‌లో "డోంట్ కీప్ యాక్టివిటీస్" అనేది ఆన్ చేస్తే, మీరు యాప్‌లోంచి బయటికి వెళ్లగానే యాక్టివిటీ నాశనమవుతుంది. తిరిగొచ్చేసరికి ఏ విలువలు గల్లంతయ్యాయో అక్కడికక్కడే తెలుస్తుంది.

బగ్ రప్పించే అడుగులను ఒక కాగితం మీద వరసగా రాసి పెట్టుకోండి. చివర్లో ఇవే పనికొస్తాయి.

రెండో పని: ఎర్రర్ మెసేజ్‌ని చివరిదాకా చదవండి

డీబగ్‌లో ఎర్ర స్క్రీన్ రాగానే టెన్షన్‌తో దాన్ని మూసేసి రీస్టార్ట్ చేయకండి. కన్సోల్‌లో పైకి వెళ్లి మొట్టమొదటి ఎర్రర్‌ని పట్టుకోండి. ఒక్క తప్పు నుంచి పది ఎర్రర్లు పుడతాయి, చివర కనిపించేది చాలాసార్లు పర్యవసానమే గానీ కారణం కాదు. తర్వాత స్టాక్ ట్రేస్‌లో ఫ్రేమ్‌వర్క్ ఫైళ్లను దాటుకుంటూ మీరు రాసిన ఫైల్ పేరు మొదట ఎక్కడ వస్తుందో చూడండి. మీరు చూడాల్సిన లైన్ అదే.

ఒక సంగతి గుర్తుంచుకోండి. డీబగ్‌లో ఎర్ర స్క్రీన్‌గా కనిపించేది రిలీజ్ బిల్డ్‌లో (యూజర్ల చేతికి వెళ్లే యాప్‌లో) బూడిదరంగు ఖాళీగా కనిపిస్తుంది. యూజర్ "స్క్రీన్ సగం ఖాళీగా వస్తోంది" అన్నాడంటే అక్కడ బిల్డ్ ఫంక్షన్ (స్క్రీన్‌లో ఆ భాగాన్ని గీసే ఫంక్షన్) ఎర్రర్ కొట్టి ఉండొచ్చు.

మూడో పని: రెండే రెండు ప్రింట్లు పెట్టండి

ఎర్రర్ మెసేజ్ ఏమీ లేకుండా స్క్రీన్ మాత్రం తప్పు చూపిస్తుంటే, రెండు చోట్ల డీబగ్‌ప్రింట్ పెట్టండి. ఒకటి విలువ మారిన లైన్ వెంటనే. రెండోది ఆ విలువను చూపించే విడ్జెట్ (స్క్రీన్ మీది ఒక్కో ముక్క) బిల్డ్ ఫంక్షన్‌లో మొదటి లైన్‌లో. రెండింటిలోనూ విలువతో పాటు ఐడెంటిటీహ్యాష్‌కోడ్ కూడా ప్రింట్ చేయండి. అది ఆ ఆబ్జెక్ట్‌కు ఆధార్ నంబర్ లాంటిది: రెండు చోట్లా ఒకే అంకె వస్తే రెండూ ఒకే ఆబ్జెక్ట్ అనుకోవచ్చు, వేర్వేరు అంకెలు వస్తే రెండూ వేరు.

ఇప్పుడు బటన్ నొక్కి చూడండి. మొదటి ప్రింటే రాకపోతే స్టేట్ మారలేదు, బటన్ నుంచి ఆ లైన్‌దాకా దారి ఎక్కడ తెగిందో వెతకండి. మొదటిది వచ్చి రెండోది రాకపోతే కబురు అందలేదు. రెండూ వచ్చి రెండో దాంట్లో పాత విలువ ఉంటే కాపీ సమస్య. ఈ ఐదు నిమిషాల పని రోజుల తరబడి ఊహాగానాలను తప్పిస్తుంది. చివరి రెండూ విడివిడిగా చూద్దాం.

మారింది, కానీ కబురు అందలేదు

దీనికి మొదటి కారణం సులువైనది: సెట్‌స్టేట్ బయట విలువ మార్చారు, లేదా ఛేంజ్‌నోటిఫయర్‌లో (డేటాను పట్టుకుని, మారితే కబురు పంపే క్లాస్) నోటిఫైలిజనర్స్ పిలవడం మర్చిపోయారు. ముఖ్యంగా ఫంక్షన్ మధ్యలో ముందే రిటర్న్ అయ్యే దారులుంటాయి, ట్రై క్యాచ్‌లో క్యాచ్ భాగం ఉంటుంది. ఎర్రర్ వచ్చిన దారిలో "లోడింగ్" విలువను ఫాల్స్ చేసి కబురు పంపకపోతే చక్రం తిరుగుతూనే ఉంటుంది. ఆ పనిని ఫైనలీ భాగంలో పెట్టండి.

రెండో కారణం అంత తేలిగ్గా కనపడదు: లిస్టును ఉన్నచోటనే మార్చడం. రివర్‌పాడ్ (స్టేట్‌ను చూసుకునే ఫ్లట్టర్ లైబ్రరీ) నోటిఫయర్‌లో స్టేట్ డాట్ యాడ్ అని రాస్తే లిస్టులోకి వస్తువు చేరుతుంది, స్క్రీన్ కదలదు. స్టేట్ అనే పేరుకు కొత్త విలువ కట్టబెట్టినప్పుడే అది వినేవాళ్లకు చెబుతుంది. కాబట్టి పాత లిస్టులోని వస్తువులను మూడు చుక్కల స్ప్రెడ్‌తో కొత్త లిస్టులోకి పరిచి, చివర కొత్త వస్తువు చేర్చి, ఆ కొత్త లిస్టును స్టేట్‌కు ఇవ్వండి. రియాక్ట్ నేటివ్‌లోనూ ఇంతే. యూజ్‌స్టేట్ పాత విలువ, కొత్త విలువ ఒకే ఆబ్జెక్టా అని చూస్తుంది, ఒకటే అయితే మళ్లీ గీయాల్సిన పని లేదనుకుంటుంది. పుష్ చేసి అదే అర్రేని తిరిగి ఇస్తే దానికి తేడా తెలియదు. కంపోజ్‌లో మ్యూటబుల్‌లిస్ట్‌ఆఫ్ వాడితే దాన్ని ఎవరూ గమనించరు, మ్యూటబుల్‌స్టేట్‌లిస్ట్‌ఆఫ్ వాడితేనే మార్పు అందుతుంది.

అలాంటిదే అయిన బ్లాక్ (Bloc) లైబ్రరీ వాడేవాళ్లు ఇంకో మెలికను చూడాలి. ఎమిట్ చేసిన (బయటికి పంపిన) స్టేట్ ఇప్పుడున్న స్టేట్‌తో సమానమైతే బ్లాక్ దాన్ని పట్టించుకోదు. మీరు స్టేట్ ఆబ్జెక్ట్‌ని కొత్తగానే తయారుచేశారు, కాపీవిత్ (కొన్ని విలువలు మార్చి కొత్త కాపీ ఇచ్చే ఫంక్షన్) కూడా వాడారు. కానీ లోపల లిస్టు పాతదే, దానికే యాడ్ చేసి కొత్త స్టేట్‌లో పెట్టారు. పాత స్టేట్ కూడా అదే లిస్టును పట్టుకుని ఉంది కదా, కాబట్టి ఆ లిస్టు మారగానే పాత స్టేట్ కూడా మారిపోయింది. ఈక్వటబుల్ (ఆబ్జెక్టులను లోపలి విలువలను బట్టి పోల్చే లైబ్రరీ) రెండింటినీ పోల్చి "రెండూ ఒకటే" అంటుంది. ఆ మాట నిజమే కూడా. పై కవరు ఒక్కటి మారిస్తే చాలదు, లోపలి లిస్టూ కొత్తదై ఉండాలి.

కబురు అందింది, కానీ చూస్తున్నది వేరే కాపీ

నేను చూసిన స్టేట్ బగ్‌లలో ఎక్కువ ఇక్కడివే. మొదట చెప్పిన కార్ట్ బ్యాడ్జిని తీసుకుందాం. కోడ్ విప్పి చూస్తే ఇలా ఉంటుంది: కార్ట్ మోడల్‌లో వస్తువుల లిస్టు ఉంది. బ్యాడ్జి విడ్జెట్‌కు పై నుంచి కౌంట్ అనే విలువ పంపారు. బ్యాడ్జి స్టేట్‌ఫుల్ విడ్జెట్, అంటే సొంత స్టేట్ ఉంచుకునేది. దాని ఇనిట్‌స్టేట్‌లో ఆ కౌంట్‌ని తన సొంత వేరియబుల్‌లోకి ఎక్కించుకుంది, బిల్డ్‌లో ఆ సొంత వేరియబుల్‌నే చూపిస్తోంది. ఇనిట్‌స్టేట్ ఆ స్టేట్ పుట్టినప్పుడు ఒక్కసారే నడుస్తుంది. పై నుంచి కొత్త కౌంట్ 2 అని వచ్చినా లోపలి వేరియబుల్ 3 దగ్గరే ఉంటుంది. వెనక్కి వెళ్లి వస్తే బ్యాడ్జి కొత్తగా పుడుతుంది, ఇనిట్‌స్టేట్ మళ్లీ నడుస్తుంది, అందుకే అప్పుడు సరిగ్గా కనిపిస్తుంది. "వెళ్లి వస్తే సరిపోతోంది" అనే మాట ఎవరి నోటి వెంట విన్నా నేను ముందు ఇనిట్‌స్టేట్ వైపే చూస్తాను.

దీనికి రెండు మందులున్నాయి. డిడ్‌అప్‌డేట్‌విడ్జెట్‌లో (పై నుంచి కొత్త విలువలు వచ్చినప్పుడు నడిచే ఫంక్షన్) పాత విడ్జెట్ కౌంట్‌నీ కొత్త కౌంట్‌నీ పోల్చి సొంత వేరియబుల్‌ని సరిచేయడం ఒకటి. అసలు ఆ సొంత వేరియబుల్‌నే తీసేసి బిల్డ్‌లో నేరుగా విడ్జెట్ డాట్ కౌంట్ వాడటం రెండోది. వీలైన ప్రతిచోటా రెండోదే చేయండి. బ్యాడ్జికి ఆ అంకె మీద ఎలాంటి హక్కూ లేదు, అది చూపించడానికే ఉంది. ఇంకో అడుగు వెనక్కి వేస్తే, కౌంట్ అనేదాన్ని మోడల్‌లో కూడా విడిగా దాచకండి. లిస్టు పొడవు అడిగితే చెప్పే గెటర్‌గా పెట్టండి. లెక్కగట్టి తెలుసుకోగలిగే దాన్ని దాచిపెడితే, రెండు విలువలు ఎప్పుడో ఒకప్పుడు విడిపోతాయి. మొత్తం ధర, "అన్నీ టిక్ చేశారా" అనే విలువ, వడపోసిన లిస్టు కూడా ఈ కోవలోకే వస్తాయి.

డిడ్‌అప్‌డేట్‌విడ్జెట్ నిజంగా కావాల్సింది టెక్స్ట్ ఫీల్డ్ కంట్రోలర్ (టైప్ చేసినదాన్నీ కర్సర్‌నీ పట్టుకునేది) లాంటి వాటికి. కంట్రోలర్‌ని బిల్డ్ ఫంక్షన్‌లో తయారుచేయకండి. ప్రతి రీబిల్డ్‌కీ కొత్త కంట్రోలర్ పుడుతుంది, టైప్ చేస్తుంటే కర్సర్ గతి తప్పుతుంది. అలాగే ఆన్‌ఛేంజ్‌డ్‌లో (టైప్ చేసిన ప్రతిసారీ నడిచే ఫంక్షన్) కంట్రోలర్ డాట్ టెక్స్ట్‌కు మళ్లీ విలువ ఇవ్వకండి. అలా ఇచ్చిన ప్రతిసారీ కర్సర్ స్థానం, కీబోర్డు ఇంకా కూర్చుతున్న అక్షరం రెండూ చెరిగిపోతాయి. ఇంగ్లిష్‌లో టైప్ చేసి చూస్తే ఇది సగం సార్లు బయటపడదు. అక్షరాన్ని దశలవారీగా కూర్చే తెలుగు కీబోర్డుతో ఒక పదం టైప్ చేసి చూడండి, ఒత్తులూ గుణింతాలూ విరిగిపోతాయి.

స్విఫ్ట్‌యూఐలో ఇదే కాపీ జబ్బు ఇంకో రూపంలో వస్తుంది. వ్యూ లోపలే మోడల్‌ని తయారుచేసి దానికి అబ్జర్వ్‌డ్‌ఆబ్జెక్ట్ అని పెడితే, పై వ్యూ మళ్లీ గీసినప్పుడు మోడల్ కొత్తగా పుట్టి పాత విలువలు పోతాయి. తయారుచేసిన చోట స్టేట్‌ఆబ్జెక్ట్ వాడాలి, అది 2020లో ఐఓఎస్ 14తో వచ్చింది. బయటి నుంచి అందుకున్న చోట అబ్జర్వ్‌డ్‌ఆబ్జెక్ట్. కంపోజ్‌లో రిమెంబర్ లేకుండా మ్యూటబుల్‌స్టేట్‌ఆఫ్ రాయడమూ ఇదే తప్పు: రీకంపోజిషన్ (మళ్లీ గీయడం) జరిగినప్పుడల్లా విలువ మొదటికొస్తుంది. రిమెంబర్ పెట్టినా ఫోన్ అడ్డంగా తిప్పి యాక్టివిటీ మళ్లీ పుడితే పోతుంది. ఫారంలో యూజర్ టైప్ చేసినవాటికి రిమెంబర్‌సేవబుల్ వాడండి.

డిస్పోజ్ అయ్యాక సెట్‌స్టేట్

"సెట్‌స్టేట్ కాల్డ్ ఆఫ్టర్ డిస్పోజ్" అనే ఎర్రర్‌ని చూడని ఫ్లట్టర్ డెవలపర్ ఉండరేమో. యూజర్ స్క్రీన్ తెరిచాడు, సర్వర్‌కి రిక్వెస్ట్ వెళ్లింది, జవాబు రాకముందే బ్యాక్ కొట్టాడు. స్క్రీన్ పోయింది, అంటే డిస్పోజ్ అయింది. జవాబు తీరిగ్గా వచ్చి లేని స్క్రీన్‌ని మార్చబోయింది. అవెయిట్ (జవాబు కోసం ఆగే చోటు) దాటిన వెంటనే "మౌంటెడ్ కాకపోతే రిటర్న్", అంటే విడ్జెట్ ఇంకా స్క్రీన్‌లో లేకపోతే వెనుదిరుగు, అనే ఒక్క లైన్ పెడితే ఎర్రర్ ఆగుతుంది. అవెయిట్ తర్వాత కాంటెక్స్ట్ (విడ్జెట్ ఎక్కడుందో చెప్పేది) వాడి వేరే పేజీకి వెళ్లడమో, స్నాక్‌బార్ (కింద కాసేపు కనిపించే సందేశం) చూపించడమో చేస్తున్నా ఇదే తనిఖీ కావాలి. ఫ్లట్టర్ 3.7 నుంచి కాంటెక్స్ట్ డాట్ మౌంటెడ్ కూడా ఉంది కాబట్టి స్టేట్‌లెస్ విడ్జెట్‌లోనూ చూసుకోవచ్చు.

కానీ ఈ ఒక్క లైన్‌ని మందులా కాకుండా మూతలా వాడితే ఏమవుతుందో ఒకసారి దగ్గర్నుంచి చూశాను. మేం చేస్తున్న ఒక యాప్‌లో ఆర్డర్ ఎంతవరకు వచ్చిందో చూపించే పేజీ ఉండేది. 5 సెకన్లకోసారి సర్వర్‌ని అడిగే టైమర్ పెట్టాం. లాగ్‌లో డిస్పోజ్ ఎర్రర్లు వస్తున్నాయని మౌంటెడ్ తనిఖీ పెట్టాను. ఎర్రర్లు ఆగాయి, పని అయిపోయిందనుకున్నాను. కొన్నాళ్లకు సర్వర్ చూసుకునే సహోద్యోగి వచ్చి, ఒకే ఫోన్ నుంచి అవే రిక్వెస్టులు కుప్పలుగా వస్తున్నాయని చూపించాడు. పేజీ మూసినా టైమర్ ఆగట్లేదు. యూజర్ ఆ పేజీని పదిసార్లు తెరిచి మూస్తే పది టైమర్లు, పదీ సర్వర్‌ని అడుగుతున్నాయి, జవాబు రాగానే మౌంటెడ్ తనిఖీ దగ్గర నిశ్శబ్దంగా వెనుదిరుగుతున్నాయి. ఆ ఎర్రర్ మాకు చెప్పబోయింది ఇదే. నేను దాని నోరు నొక్కేశాను. ఎవరి ఫోన్ బ్యాటరీయో దానికి మూల్యం కట్టింది. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

అందుకని ఈ ఎర్రర్ వచ్చినప్పుడు ముందు అడగండి: ఆ ఆలస్యపు కబురు ఎక్కడి నుంచి వచ్చింది? ఒక్కసారి జరిగి ముగిసే రిక్వెస్ట్ నుంచైతే మౌంటెడ్ తనిఖీ సరిపోతుంది. టైమర్, స్ట్రీమ్, లిజనర్, యానిమేషన్ కంట్రోలర్ నుంచైతే దాన్ని డిస్పోజ్‌లో ఆపాలి: టైమర్‌కూ స్ట్రీమ్ సబ్‌స్క్రిప్షన్‌కూ క్యాన్సిల్, కంట్రోలర్లకు డిస్పోజ్, యాడ్‌లిజనర్‌కు రిమూవ్‌లిజనర్. నేను ఇప్పుడు ఇనిట్‌స్టేట్‌లో ఏదైనా మొదలుపెట్టే లైన్ రాయగానే, ఇంకేదీ రాయకముందే, డిస్పోజ్‌కి వెళ్లి దాన్ని ఆపే లైన్ రాసేస్తాను. రియాక్ట్‌లో యూజ్‌ఎఫెక్ట్ నుంచి తిరిగిచ్చే క్లీనప్ ఫంక్షన్ చేసేది ఈ పనే. 2022లో వచ్చిన రియాక్ట్ 18లో "అన్‌మౌంట్ అయిన కాంపొనెంట్‌ని మారుస్తున్నారు" అనే హెచ్చరికను తీసేశారు, కాబట్టి అక్కడ క్లీనప్ మర్చిపోయినా ఆ హెచ్చరిక మీకు గుర్తుచేయదు.

ఆలస్యంగా వచ్చిన పాత జవాబు

సెర్చ్ పెట్టె ఉన్న ప్రతి యాప్‌లో ఇది పొంచి ఉంటుంది. యూజర్ "క" అని టైప్ చేశాడు, రిక్వెస్ట్ వెళ్లింది. వెంటనే "కల" చేశాడు, ఇంకో రిక్వెస్ట్ వెళ్లింది. "కల"కి జవాబు ముందు వచ్చింది, స్క్రీన్ మీద సరైన ఫలితాలు పడ్డాయి. అర సెకను తర్వాత "క"కి జవాబు వచ్చి వాటిని చెరిపేసింది. పెట్టెలో "కల" ఉంది, కింద "క" ఫలితాలున్నాయి. మౌంటెడ్ తనిఖీ ఇక్కడ అక్కరకు రాదు, స్క్రీన్ బతికే ఉంది కదా.

సరిచేయడం ఇలా. క్లాస్‌లో ఒక పూర్ణాంకం పెట్టుకోండి, వరస సంఖ్య అని పిలుద్దాం. సెర్చ్ మొదలైన ప్రతిసారీ దాన్ని ఒకటి పెంచి, ఆ అంకెను ఫంక్షన్ లోపల లోకల్ వేరియబుల్‌లో దాచుకోండి. అవెయిట్ దాటాక, మీ దగ్గరున్న అంకె, క్లాస్‌లో ఇప్పుడున్న అంకె ఒకటేనా అని చూడండి. కాకపోతే మీ తర్వాత ఇంకో సెర్చ్ మొదలైందన్నమాట, ఈ జవాబును పక్కన పడేసి రిటర్న్ అవ్వండి. టైప్ చేయడం ఆపాక 300 మిల్లీసెకన్లు ఆగి రిక్వెస్ట్ పంపే డిబౌన్స్ కూడా మంచిదే, కానీ అది రిక్వెస్టుల సంఖ్యను తగ్గిస్తుందే తప్ప వరసకు హామీ ఇవ్వదు. డిబౌన్స్ పెట్టి ఈ బగ్ పోయిందనుకునేవాళ్లను చాలామందిని చూశాను. నెట్ నెమ్మదిస్తే మళ్లీ వస్తుంది.

దీనికి దగ్గరి చుట్టం రియాక్ట్ నేటివ్‌లో ఉంది. సెట్‌కౌంట్ కౌంట్ ప్లస్ 1 అని వరసగా రెండుసార్లు రాస్తే రెండు పెరగాల్సింది ఒకటే పెరుగుతుంది, ఎందుకంటే ఆ రెండు లైన్లూ అదే పాత కౌంట్‌ని చూస్తున్నాయి. విలువకు బదులు పాత విలువను అందుకుని కొత్తది ఇచ్చే ఫంక్షన్‌ని పంపండి.

గీస్తున్నప్పుడే మార్చడం

"సెట్‌స్టేట్ ఆర్ మార్క్‌నీడ్స్‌బిల్డ్ కాల్డ్ డ్యూరింగ్ బిల్డ్" అని వస్తే, స్క్రీన్ గీసే పని మధ్యలో స్టేట్‌ను మార్చారని అర్థం. బిల్డ్‌లో మీరు నేరుగా సెట్‌స్టేట్ రాసి ఉండకపోవచ్చు. ఎక్కువగా జరిగేది ఇది: ఇనిట్‌స్టేట్‌లో మోడల్ డాట్ లోడ్ అని పిలిచారు, ఆ లోడ్ మొదటి లైన్‌లోనే లోడింగ్ ట్రూ చేసి నోటిఫైలిజనర్స్ పిలిచింది. అవెయిట్ ఇంకా రాలేదు కాబట్టి అదంతా బిల్డ్ లోపలే జరిగిపోయింది. యాడ్‌పోస్ట్‌ఫ్రేమ్‌కాల్‌బ్యాక్‌లో (గీయడం ముగిశాక నడిచేది) పెడితే ఎర్రర్ పోతుంది. అయితే లోడింగ్ విలువ పుట్టుకతోనే ట్రూగా ఉండేలా పెట్టి ఆ మొదటి నోటిఫై తీసేయడం ఇంకా శుభ్రమైన దారి. స్విఫ్ట్‌యూఐలో "మాడిఫయింగ్ స్టేట్ డ్యూరింగ్ వ్యూ అప్‌డేట్" అనే హెచ్చరికకూ అర్థం ఇదే. రియాక్ట్‌లో "టూ మెనీ రీరెండర్స్" వస్తే ముందు ఆన్‌ప్రెస్ చూడండి, ఫంక్షన్ పేరు ఇవ్వాల్సిన చోట పక్కన బ్రాకెట్లు పెట్టి అక్కడే పిలిచేసి ఉంటారు.

ఇంకొకటి: ఫ్యూచర్‌బిల్డర్‌కు ఇచ్చే ఫ్యూచర్‌ని (తర్వాత రాబోయే జవాబును) బిల్డ్‌లో తయారుచేయకండి. కీబోర్డు పైకి లేచినా రీబిల్డ్ జరగొచ్చు, అప్పుడు సర్వర్‌కు మళ్లీ రిక్వెస్ట్, మళ్లీ తిరిగే చక్రం. ఇనిట్‌స్టేట్‌లో తయారుచేసి వేరియబుల్‌లో దాచండి.

టిక్ పక్క లైన్‌కి జరిగిపోతోందా?

పనుల లిస్టు ఒకటి. మూడు వరసలు: పని 1, పని 2, పని 3. ప్రతి వరసా స్టేట్‌ఫుల్ విడ్జెట్, టిక్ పెట్టారా లేదా అన్నది దాని సొంత స్టేట్‌లో ఉంది. పని 2కి టిక్ పెట్టారు. తర్వాత పని 1ని తీసేశారు. ఇప్పుడు చూస్తే పని 2 టిక్ లేకుండా ఉంది, పని 3కి టిక్ ఉంది.

ఏం జరిగిందంటే, కీ (వరసను గుర్తుపట్టే పేరు) ఇవ్వనప్పుడు ఫ్లట్టర్ వరసలను స్థానాన్ని బట్టి, రకాన్ని బట్టి జత కలుపుతుంది. మొదటి స్థానంలో ఉన్న టిక్ లేని స్టేట్ అక్కడే కూర్చుంది, దాని ముందుకు పని 2 వచ్చింది. రెండో స్థానంలోని టిక్ ఉన్న స్టేట్ ముందుకు పని 3 వచ్చింది. మూడో స్టేట్‌ను తీసేసింది. కుర్చీలు కదల్లేదు, మనుషులు జరిగారు.

ప్రతి వరసకూ ఆ పని ఐడీతో వాల్యూకీ ఇవ్వండి. లిస్టులోని ఇండెక్స్‌ను కీగా ఇవ్వకండి, అది స్థానాన్ని ఇంకో పేరుతో పిలవడమే. బిల్డ్‌లో యూనిక్‌కీ కూడా పెట్టకండి, ప్రతి రీబిల్డ్‌కీ కీ మారి వరస స్టేట్ మొత్తం కొత్తగా పుడుతుంది. రియాక్ట్‌లో కీ, కంపోజ్ లేజీకాలమ్‌లో ఐటమ్స్‌కి ఇచ్చే కీ, స్విఫ్ట్‌యూఐ ఫర్‌ఈచ్‌లో ఐడీ, అన్నింటికీ ఇదే నియమం.

కీ పెట్టాక కూడా ఒక చిక్కు మిగులుతుంది. లిస్ట్‌వ్యూ బిల్డర్‌లో వరస తెర దాటి బాగా పైకి పోతే దాని స్టేట్ డిస్పోజ్ అవుతుంది, తిరిగొచ్చేసరికి టిక్ ఉండదు. అంటే టిక్‌కి ఓనర్ వరస కానే కాదు. పనికి పేరు ఉన్నట్టే "అయిపోయింది" అనే విలువ కూడా మోడల్‌లోనే ఉండాలి. వరస దాన్ని చూపించి, నొక్కితే మోడల్‌కి కబురు పంపితే చాలు.

ప్రొవైడర్ దొరకడం లేదంటే

ప్రొవైడర్ అంటే తన కింద ఉన్న విడ్జెట్లకు మోడల్‌ని అందించేది. "కుడ్ నాట్ ఫైండ్ ద కరెక్ట్ ప్రొవైడర్" అని వస్తే విడ్జెట్ చెట్టులో మీరున్న చోటు నుంచి పైకి చూడండి. ఒక పేజీ లోపల పెట్టిన ప్రొవైడర్, నావిగేటర్ (పేజీలను తెరిచి మూసేది) పుష్‌తో తెరిచిన ఇంకో పేజీకి కనపడదు. కొత్త పేజీ పాత పేజీకి బిడ్డ కాదు, నావిగేటర్ కింద దాని తోబుట్టువు. రెండు పేజీలకూ కావాలంటే ప్రొవైడర్‌ని మెటీరియల్‌యాప్ పైకి ఎత్తండి, లేదా ప్రొవైడర్ డాట్ వాల్యూతో కొత్త పేజీకి అదే మోడల్‌ని అందించండి. పాత మోడల్‌ని ఇవ్వాల్సిన చోట క్రియేట్‌తో కొత్తది తయారుచేస్తే ఎర్రర్ పోతుంది గానీ రెండు కార్ట్‌లు అవుతాయి, మళ్లీ కాపీ జబ్బే. ఇక బిల్డ్‌లో వాచ్ (మార్పులను గమనిస్తుంది), బటన్ నొక్కినప్పుడు నడిచే ఫంక్షన్లలో రీడ్ (ఒక్కసారి చదువుతుంది) వాడాలి. ఇది తారుమారైతే స్క్రీన్ కదలకపోవడమో, ఎర్రర్ రావడమో ఖాయం.

సరిచేశాక

ముందుగా యాప్‌ని హాట్ రీస్టార్ట్ చేయండి, అంటే మొదటి నుంచి నడిపించండి. హాట్ రీలోడ్ చేస్తే స్టేట్ అలాగే ఉంటుంది, ఇనిట్‌స్టేట్ మళ్లీ నడవదు. మీరు ఇనిట్‌స్టేట్‌లో సరిచేసి రీలోడ్ చేసి "ఇంకా పోలేదు" అనుకుని, సరైన మార్పును తీసేసే ప్రమాదం ఉంది. దీనికి ఉల్టా కూడా జరుగుతుంది: పాత స్టేట్ మిగిలి ఉండటం వల్ల పోయినట్టు కనిపిస్తుంది.

తర్వాత మొదట్లో కాగితం మీద రాసుకున్న అడుగులను, ఆ 3 సెకన్ల ఆలస్యంతో సహా, అదే వరసలో చేయండి. బగ్ రాకపోతే మీ మార్పును ఒక్కసారి వెనక్కి తీసి మళ్లీ అవే అడుగులు వేయండి. ఇప్పుడు బగ్ రావాలి. రాకపోతే దాన్ని ఆపింది మీ మార్పు కాదు, ఇంకేదో.

అదే వరసను విడ్జెట్ టెస్ట్‌గా రాసిపెట్టండి. కార్ట్ బ్యాడ్జికైతే టెస్ట్ చాలా చిన్నది: మూడు వస్తువులతో స్క్రీన్ పంప్ చేయడం (టెస్ట్‌లో గీయించడం), తీసేసే బటన్‌ని ట్యాప్ చేయడం, మళ్లీ ఒకసారి పంప్ చేయడం, 2 అనే టెక్స్ట్ ఒక్కచోట కనిపిస్తోందా, 3 ఎక్కడా లేదా అని చూడటం. డిస్పోజ్ బగ్‌లకు, స్క్రీన్ పంప్ చేసి వెంటనే దాని స్థానంలో ఖాళీ విడ్జెట్ పంప్ చేయండి. ఆపని టైమర్ మిగిలి ఉంటే ఫ్లట్టర్ టెస్టే "టైమర్ ఇంకా పెండింగ్‌లో ఉంది" అని చెప్పి ఫెయిలవుతుంది. మా ఆర్డర్ పేజీకి ఇప్పుడు ఆ టెస్ట్ ఉంది. చివరగా, పెట్టిన ప్రింట్లనూ ఆ 3 సెకన్ల ఆలస్యాన్నీ తీసేసి కమిట్ చేయండి.